చూచువారు కొందఱే యైనను

ప్రదర్శనమునకు వచ్చిన జనుల సంఖ్యను బట్టి దాని ప్రయోజనమును నిర్ణయించుట మనలో వాడుకయైనది. ఈ కొలత సరికాదని మా యభిప్రాయము.

2020వ సంవత్సరము మార్చి 25వ తేదీన కరోనా వ్యాధి నిమిత్తము దేశమంతటను రాకపోకలు స్తంభించెను. ఆంధ్రప్రదేశమున 9, 10 తరగతులవారికి సయితము నవంబరు 2వ తేదీదనుక పాఠశాలలు తెఱవబడలేదు. ఆ మఱుసటి యేటి యారంభమున మేము ఏలూరినుండి హైదరాబాదునకు బోయి, చౌమహల్లా ప్రాసాదమున నుంచిన ప్రాత మోటారుకార్లను జూచితిమి. ముఖములకు గుడ్డలు గట్టుకొనిన పదిపండ్రెండుగురు మాత్రమే యచట నుండిరి. సందడి లేమిచే నొక్కొక్క బండియొద్ద నిలిచి సావకాశముగా పరిశీలింపగలిగితిమి. గుంపులో మెడలు సాచి చూచినచో నిది సాధ్యమగునా?

అందు 1912వ సంవత్సరపు పసుపువన్నె రోల్సురాయిసు కారు గలదు. దానిని కోరి చేయించిన యాఱవ నిజాము మహబూబు అలీఖాను 1911లోనే గతించుటచే దాని నెక్కు భాగ్య మాయనకు లేకపోయెను. పిమ్మట నది కొన్నివందల మైళ్ళు మాత్రమే నడచి, పెక్కేండ్లు కొట్టమున బడి చెడెను. తుదకు నిపుణులు బాగుచేసి దానికి పూర్వపు సొంపు దెచ్చిరి.

యంత్రమునకు పనిలేమియే చేటు. కదలని బండికి బ్యాటరీ సత్తువ తఱుగును. పెట్రోలు కార్బురేటరులో జిగురగును. బరువు మోయుచోట టైర్లు చదునగును. కొల్లేటి తేమగాలికి ఇనుము త్రుప్పుపట్టును. తలాంతును మంటిలో దాచిన సేవకుడు నిందపాలైనది దానిని చూచువారు లేకపోవుటచే గాదు, వినియోగింపకుండుటచేతనే.

ఏలూరు, తాడేపల్లిగూడెములలో కొందఱి యిండ్ల అంబాసిడరు కార్లు నేటికిని గలవు. వాని నిర్మాణము 2014లో నిలిచిపోయెను. కొల్లేటి లంకలవారికి తరతరములుగా తాటిదోనెయే బండి. ఇట్టివానిని నడపిన పెద్దలను పెక్కుమందిని ఆ మహమ్మారి హరించెను. మిగిలినవారి చేతినేర్పైనను మన పిల్లలకు దక్కవలదా?

కావున తలిదండ్రులకును, ఉపాధ్యాయులకును మా మనవి యేమనగా: ఏటికొక దినమున మన పాఠశాల యావరణమున ప్రాత కార్లను, సైకిళ్ళను, దోనెలను ప్రదర్శింపుడు. కార్లను నడపి చూపుడు. వాని నెఱిగిన పెద్దలను రప్పించి, వారి మాటలను విద్యార్థులచే వ్రాయింపుడు. పదుగురే వచ్చినను చింతింపవలదు. ఆ పదుగురిలో నొక బాలుడో బాలికయో పానా పట్టుట నేర్చినచో నా దినము సఫలమే.