దిబ్బయు, బజారును

డిసెంబరు, జనవరి మాసములు వచ్చినవనగా పాఠశాలలలో విహారయాత్రల సందడి మొదలగును. నోటీసు పుస్తకము తరగతి తరగతికి తిరుగును. ఇంత రుసుము కట్టవలెననియు, ఫలానా తేదీలోపల పేరు ఇయ్యవలెననియు అందులో ఉండును. బయలుదేరు నాటి ఉదయమున వీధి అంతయు వినబడునట్లు కేకలు వేయుచు పిల్లలు బస్సు ఎక్కుదురు. ఎక్కని పిల్లల సంగతి ఎవరును అడుగరు. ఆనాడు వారు బడికి వచ్చినను పాఠము జరుగదు. రాకున్నను పట్టించుకొనువారు లేరు. తరువాతి సోమవారమున "మీరు చూచిన వింతలను గూర్చి వ్యాసము వ్రాయుడు" అని తెలుగు పంతులుగారు చెప్పినప్పుడు మాత్రము తమ లోటు వారికి తెలియవచ్చును.

రుసుము హెచ్చిన కొలది యాత్ర గొప్పదనియు, దూరము పెరిగిన కొలది జ్ఞానము పెరుగుననియు ఒక అభిప్రాయము మన విద్యాలయములలో స్థిరపడినది. నీటి ఆటల తోటలకును, సినిమా నగరములకును కొనిపోవుటను విద్యాయాత్ర అని పిలుచుటకు కూడ జంకుట మానినాము. కాని కృష్ణా డెల్టా దిగువభాగమున, బందరు, గుడివాడ, దివిసీమల నడుమ, బస్సు చార్జీ తప్ప మరొక ఖర్చు ఇంచుమించు లేకుండ ఒక్క దినములో చూడదగిన ప్రదేశములు కలవు. వానిలో కొన్ని బౌద్ధ స్తూపముల శిథిలములు, కొన్ని బజారులు. ఈ రెంటిని ఒకే దినమున చూడవలెను. ఒకటి లేనిది రెండవది అర్థము కాదు.

థాయిలాండు పల్లెలలో ఈ రెండును నేటికిని కలిసియే ఉన్నవి. బ్యాంకాకులోని పెద్ద ఆలయములలో పరదేశీయులకు టిక్కెట్టు ఉండవచ్చును గాని, పల్లెలోని విహారమునకు సాధారణముగా గేటు రుసుము లేదు. తెల్లవారుజామున భిక్షువులు పాత్రలు చేతబట్టి ఊరిలోనికి వత్తురు. బజారులో కూరలమ్ము స్త్రీ బుట్ట దించి, చెప్పులు విడిచి, వారి పాత్రలో అన్నము వేసి, మరల బేరమునకు కూర్చుండును. పండుగ వచ్చినచో విహారపు ఆవరణయే తిరునాళ్ళ అంగడి యగును. ఎచ్చట గుడి ముగిసినదో, ఎచ్చట సంత మొదలైనదో గీత గీసి చూపుట కష్టము. మన డెల్టాలో కూడ ఒకనాడు స్థితి ఇట్టిదే. తేడా యేమనగా, ఇచ్చట విహారము పోయినది, అంగడి మిగిలినది.

ఘంటసాలను చూచిన ఈ మాట తేటపడును. చల్లపల్లి చెంతనున్న ఈ గ్రామమున ఇటుకల స్తూపశిథిల మొకటి కలదు. దీని పునాది కట్టుబడి బండిచక్రము వంటిది. నడుమ ఇరుసు వలె చదరపు దిమ్మ, దాని చుట్టును ఆకుల వలె గోడలు, వానిని కలుపుచు పట్టా వలె వర్తులపు గోడ. కట్టుబడి గట్టిగా నిలుచుటకు చేసిన ఉపాయమిది. ధర్మచక్రమును తలపించుట దానికి అదనపు సొగసు. క్రీ.శ. 2వ శతాబ్దిలో టాలెమీ అను గ్రీకు భూగోళవేత్త ఈ తీరమున పేర్కొన్న 'కంటకొస్సుల' అను వర్తకపు రేవు ఇదియే యని పండితుల నిర్ణయము. ప్రాకృత శాసనములలో దీని పేరు 'కంటకసేల'. ఇచ్చట దొరికిన శాసనములలో ఒకదానిలో 'మహానావిక శివకుడు' అను పేరు కనబడును. మహానావికుడనగా ఓడల పెద్ద. రాజు కాడు, భిక్షువు కాడు. సముద్రముపై సరకు నడపినవాడు. నాగార్జునకొండలో ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని 14వ పాలనా సంవత్సరమున బోధిసిరి అను ఉపాసిక వేయించిన శాసనములో, ఆమె చేసిన దానముల పట్టికయందు, కంటకసేల మహాచైత్యపు తూర్పు ద్వారమువద్ద కట్టించిన రాతిమండపము ఒకటి. ఎచ్చటి నాగార్జునకొండ, ఎచ్చటి ఘంటసాల! నదివెంట సరకు దిగినట్లే దానమును దిగివచ్చినది.

ఇప్పుడు అచ్చట నిలిచి చూచువానికి సముద్రము కనబడదు, చుట్టును వరిచేలే. ఓడలరేవు పొలముల నడుమకు ఎట్లు వచ్చినదని విద్యార్థి అడుగకపోడు. అడుగకున్న ఉపాధ్యాయుడు అడిగించవలెను. కృష్ణ ఏటేట తెచ్చి పోయు ఒండ్రుతో డెల్టా సముద్రములోనికి పెరిగినది. పాయలు దారులు మార్చుకొన్నవి. రేవులు నీటివెంట జరిగిపోయినవి. భూగోళ పుస్తకములో డెల్టా అను మాటకు ఇచ్చిన నిర్వచనమును వల్లించిన పిల్లవానికి, తన కాళ్ళక్రింద నున్నదే ఆ డెల్టా యని ఈ దిబ్బమీద తెలిసినంతగా తరగతిగదిలో తెలియదు.

గుడివాడలో చూచుటకు ఇంతకన్న తక్కువ ఉన్నది; నేర్చుకొనుటకు ఎక్కువ ఉన్నది. అచ్చటి స్తూపమును 19వ శతాబ్దిలో రోడ్డు వేయుటకు ఇటుకలకై త్రవ్విపోసినారు. వేయి సంవత్సరములకు మించి నిలిచిన కట్టడము బండ్లచక్రముల క్రింద చూర్ణమైనది. ఆ త్రవ్వకములో ధాతుకరండములు బయటపడినవి. అలెగ్జాండర్ రే అను పురావస్తు శాఖాధికారి గుడివాడ, ఘంటసాల, భట్టిప్రోలు స్తూపములను పరిశీలించి 1894లో తన గ్రంథము ప్రకటించునాటికి చాలవరకు నష్టము జరిగియే యున్నది. దీనికి దొరలను మాత్రమే నిందించుట న్యాయము కాదు. బండ్లు తోలినవారు, పలుగు పట్టినవారు ఈ ఊళ్ళవారే. తమ పూర్వులు కట్టినది ఇది యని వారికి చెప్పినవారు లేరు.

ఆ మరపునకు సాక్ష్యము ఆ దిబ్బల పేరులోనే ఉన్నది. ఈ ప్రాంతమున స్తూపపు దిబ్బలకు లోకులు పెట్టిన పేరు 'లంజదిబ్బ'. పిల్లలయెదుట ఉచ్చరించుటకు ఉపాధ్యాయులు సంకోచించి, తల త్రిప్పుకొని 'పాతదిబ్బ' అని దాటవేయుచుందురు. దాటవేయనక్కరలేదు. ఆ పేరు ఎట్లు పుట్టినదో చెప్పుకొను కథలు అనేకము. ఏ కథ నిజమైనను, ఊరివారు తామే పూజించిన స్థలమును ఇంతగా మరచి ఇట్టి పేరుతో పిలుచుట యెట్లు సంభవించెనను ప్రశ్న పెద్ద తరగతుల విద్యార్థులు ఎదుర్కొనదగినదే.

కృష్ణ దాటి భట్టిప్రోలు పోవుటకు ఇప్పుడు పులిగడ్డ, పెనుమూడి నడుమ వారధి ఉన్నది, బల్లకట్టుకై ఎదురుచూడనక్కరలేదు. ఊరు నేడు బాపట్ల జిల్లాలోనిది. జిల్లా వేరైనదని నోటీసు పుస్తకములో చేర్చకుండుట తగదు. ఇంచుమించు 148 అడుగుల వ్యాసము గల ఆ స్తూపములో 1892లో రే గారికి రాతికరండములు దొరికినవి. వానిపై చెక్కిన లేఖనములు తెలుగుదేశమున దొరికిన మిక్కిలి ప్రాచీన లేఖనములలోనివి. కుబిరకుడను రాజు పేరు అందు కలదు. కాని విద్యార్థికి చూపవలసినది రాజు పేరు కాదు. ఆ లేఖనములలో ఒకదానిలో వరుసగా పేర్లపట్టిక ఉన్నది. ఆ పట్టికకు తలకట్టు 'నేగమా' అని. నేగములనగా పట్టణపు వర్తకశ్రేణికి చెందినవారు. మరియొకచోట 'గోఠి', అనగా గోష్ఠి, మంజూషను ఇచ్చినట్లున్నది. ఊరి బజారువారు చందాలు వేసికొని, సంఘముగా కూడి, పేర్లు చెక్కించినారు. నేటి దేవాలయపు గోడమీద "ఫ్యాను దాత" అని పేరు వ్రాయించుకొను దుకాణదారుని చూచి నవ్వువారు, ఆయన వంశవృక్షము ఎంత పాతదో ఒకసారి ఆలోచింపవలెను.

ఆ స్తూపములోని ధాతువు మాత్రము ఊరిలో లేదు. దానిని మహాబోధి సంఘమువారికి ఈయగా, 1920లో కలకత్తాలోని ధర్మరాజిక చైత్యవిహారమున నిలిపినారు. ఘంటసాల శిల్పములు కొన్ని పారిస్ నగరపు గిమే వస్తుశాలలో ఉన్నవి.

శిల్పము బజారున బడిన కథ బందరుది. అమరావతి మహాచైత్యపు చలువరాతి ఫలకములు కొన్నిటిని 1830 ప్రాంతమున రాబర్ట్‌సన్ అను దొర బందరు తెప్పించి, తాను కట్టించిన కొత్త బజారులో అలంకారముగా నిలిపినాడు. ఆ పేట నేటికిని రాబర్ట్‌సన్‌పేటయే. 1835లో గవర్నరు సర్ ఫ్రెడరిక్ ఆడమ్ బందరు వచ్చినప్పుడు వానిని చూచి, అవి అచ్చట ఉండదగినవి కావని తలచినాడు. తుదకు అవి చెన్నపట్టణపు వస్తుశాల చేరినవి. దొర చేసినది తప్పే. స్తూపమునుండి ఊడదీసిన రాయి అంగడి బొమ్మ యగుట ఎవరికి ఇష్టము? అయినను కొంతకాలముపాటు బందరులో ఉప్పు, చింతపండు కొనవచ్చిన మనిషి బుద్ధుని కథల శిల్పమును ఒక్క కాసు ఇయ్యకుండ చూచినాడనునది కూడ నిజమే. ఆ రాళ్ళు నేడు అచ్చట లేవు. ఆ పేటలో తిరుగుచు పిల్లలకు ఈ కథ చెప్పుటకు మాత్రము ఆటంకమేమియు లేదు.

బందరు బజారులో చూడవలసినది ఇంకను కలదు. తొక్కుడు లడ్డు చేయు దుకాణము ముందు నిలిచినచో, శనగపిండి పూసను దంచు పోటు చప్పుడు వినబడును. చిలకలపూడిలో బంగారుపూత నగలు చేయువారు సన్నపు పనిముట్లతో దీపము క్రింద వంగి పనిచేయుచుందురు. రైతుబజారులో, దళారి చేతిలో పడక, పండించినవాడే అమ్మవలెనని 1999లో పెట్టిన పద్ధతి ఎంతవరకు నడచుచున్నదో లెక్కల ఉపాధ్యాయుడు పిల్లలచేత ధరలు వ్రాయించి చూపవచ్చును. నాగాయలంక వైపు పోయినచో చేపల వేలము.

పెడన సంగతి ప్రత్యేకముగా చెప్పవలెను. అచ్చట అద్దకపువారు కరక్కాయ కలిపిన పాలలో గుడ్డను తడిపి ఆరవేయుదురు. చెక్కఅచ్చులతో అద్దుదురు. నలుపునకు తుప్పు ఇనుమును బెల్లపునీటిలో పులియబెట్టుదురు. ఎరుపునకు పటిక పట్టించి రంగులో ఉడికింతురు. రసాయనశాస్త్రమును అభ్యాసము లేక వల్లించు విద్యార్థి ఇచ్చట దానిని వాసనతో సహా నేర్చును. తెర అచ్చుల చౌక బట్ట ఇదే పేరుతో అమ్ముడగుచుండుటచే, చేతి అచ్చువారికి కూలి గిట్టుబాటగుట కష్టమగుచున్నది. ఆ మాటను వారే పిల్లలకు చెప్పుదురు. థాయిలాండు ఊసు ఇచ్చట మరల వచ్చును. 17వ శతాబ్దమున సయాము ఏలుబడిలో నున్న మెర్గుయి, తెనస్సెరిము రేవులకు బందరునుండి ఓడలు నడచినవి. సయాము రాజాస్థానము తమకు నచ్చిన నమూనాలు పంపి ఈ తీరమున అద్దకపు వస్త్రములు చేయించుకొన్నది. అంతకు ఎన్నో శతాబ్దములకు పూర్వము అమరావతి శిల్పరీతి సముద్రము దాటి ఆ దేశపు తొలి బుద్ధ ప్రతిమలపై తన ఛాయ వేసినది. విగ్రహము పోయిన దారినే గుడ్డయు పోయినది. రెంటిని మోసినది ఓడయే.

"చూచుటకు ఏమున్నదండీ, ఇటుకల గుట్ట తప్ప?" అని ప్రధానోపాధ్యాయులు కొందరు అడుగుదురు. ఆ ప్రశ్న అసమంజసము కాదు. వట్టి ఇటుకలయెదుట నలుబదిమంది పిల్లలను నిలిపి చరిత్రపాఠము చదివినచో, పావుగంటకు వారు గొర్రెలవలె చెదరిపోదురు. అందుకే బజారు. ముందుగా బజారులో బేరములు, కాటాలు, చందాల పుస్తకములు, దుకాణముపై వ్రాసిన పేర్లు చూచి, ఆ పిమ్మట దిబ్బమీదికి వచ్చిన పిల్లవానికి, ఈ ఇటుకకు డబ్బు ఎక్కడనుండి వచ్చినదో చెప్పనక్కరలేదు, వాడే చెప్పును. ఒక త్రాడు చేత ఇచ్చి స్తూపపు చుట్టుకొలత తీయించి, వ్యాసము ఎంతో కట్టుమనవచ్చును. ఇటుక పొడవు, వెడల్పు కొలిచి, తమ ఇంటి ఇటుకతో పోల్చుమనవచ్చును. ఇటుకను మాత్రము ఇంటికి తేనీయరాదు.

బజారు విషయమున ఒక జాగ్రత్త అవసరము. అది ప్రదర్శనశాల కాదు. కడుపుకై మనుష్యులు కూర్చున్న చోటు. బేరపువేళ దారికి అడ్డము నిలుచుట, అడుగకుండ ఫోటో తీయుట, చేపల వాసనకు ముక్కు మూసికొనుట పిల్లలకు ముందే వారించవలెను. పురావస్తు శాఖ స్థలములలో 15 ఏండ్లలోపు పిల్లలకు రుసుము లేదు. ఆ శాఖవారి స్థలవస్తుశాలలు శుక్రవారము మూసియుండును గనుక ఆ దినము తప్పించుకొనవలెను.

ఇట్టి యాత్రకు ఏ పిల్లవాని పేరును పట్టికనుండి కొట్టివేయనక్కరలేదు. అంతేకాదు. రుసుము కట్టలేక ఇన్నాళ్ళు ఇంట నిలిచినవాని తల్లి ఆ బజారులోనే బుట్ట ముందు కూర్చుండి యుండవచ్చును. అట్టివానిని అడుగకుండ ముందుకు నెట్టరాదు. కాని వాడు ఇష్టపడినచో, తక్కెడ ఎట్లు పట్టవలెనో, తెల్లవారుజామున సరకు ఎచ్చటనుండి వచ్చునో, సాయంత్రము మిగిలినది ఏమగునో ఆనాడు తరగతికి వాడు చెప్పును. పంతులుగారు ప్రక్కన నిలిచి వినవచ్చును. సోమవారమునాటి వ్యాసమునకు వానివద్దను కాగితము నిండుటకు తగినంత ఉండును.