ఒకే తెర – రెండు ప్రయోజనములు

2020లో 70 డాలర్ల ధరకు వెలువడిన రాస్ప్‌బెర్రీ పై 400 అను కంప్యూటరు కీబోర్డులోనే ఇమిడియున్నది. తీగతో ఇంటి టెలివిజనుకు తగిలించినచో ఒకే తెర పాఠమునకును, చలనచిత్రమునకును ఉపకరించును. అల్పాదాయ కుటుంబములకు ఇది మేలైన సాధనమే.

అయితే పొరుగు రాష్ట్రములలో పెరుగుచున్న మన పిల్లలలో పెక్కురు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. సినిమాలు చూచినంత మాత్రమున ఈ కొరత తీరదు. కావున యంత్రమును అమర్చిన దినముననే అందు తెలుగు కీబోర్డును చేర్చవలెనని మా మనవి. యూనికోడులో 1991 నుండియే తెలుగునకు స్థానమున్నది. ఇందుకు వేరే వెల చెల్లింప నక్కరలేదు. సినిమాకు ముందు బిడ్డచే తన పేరును, ఊరి పేరును తెలుగులో వ్రాయింపుడు. తెర పెద్దది గనుక పెద్దలు కూర్చున్నచోటినుండియే తప్పులు దిద్దగలరు. వినోదము పిలువకయే వచ్చును. అక్షరమును మనమే పిలువవలయును.