బండి పైసల కంటే ముందు హెల్మెట్ పైసలు పంపండి

శుక్రవారం సెలవు. పొద్దున్నే బట్టలు ఉతుక్కుని, మెస్సులో ఇంత తిని, మంచం మీద ఒరిగి ఇంటికి ఫోను కలుపుతాం. భార్యతో నాలుగు మాటలు, అమ్మతో రెండు మాటలు అయ్యాక ఫోను కొడుకు చేతికో తమ్ముడి చేతికో వెళ్తుంది. వాడు మన బాగోగులు అడిగినట్టే అడిగి, మెల్లగా అసలు సంగతి ఎత్తుతాడు. "నాన్నా, దోస్తులందరికీ బండ్లున్నయి. నాకొక్కడికే లేదు."

దోహా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గదిలో ఆరుగురం ఉంటాం. ఆరుగురిలో నలుగురికి ఈ ఫోను వచ్చింది. మీ గదిలోనూ ఎవరికో వచ్చే ఉంటుంది. దూరంగా ఉన్నాం కాబట్టి పిల్లలు అడిగింది కాదనలేం. పక్కన ఉండి పెంచలేకపోయామన్న బాధను ఏదో ఒక వస్తువు కొనిచ్చి తీర్చుకోవాలని చూస్తాం. నేనూ అట్లాగే చూశాను. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

2022 సంక్రాంతికి సెలవు మీద జగిత్యాల పక్కన మా ఊరికి వెళ్ళాను. తమ్ముడు ఇంటర్ రెండో సంవత్సరం. 17 ఏళ్ళు నిండాయి, 18 నిండలేదు. వాడు కోరిన 200 సీసీ బండి కొన్నాను. వాడికి లైసెన్సు వచ్చే వయసు లేదు కాబట్టి నా పేరు మీద రిజిస్టర్ చేయించాను. "నాలుగు నెలలాగితే లైసెన్సు తీసుకుంటాడులే" అనుకున్నాను. హెల్మెట్ మాట షోరూములో ఎవరో ఎత్తితే "తర్వాత చూద్దాం" అన్నది నేనే. బండికి పూలదండ వేయించి, నిమ్మకాయలు తొక్కించి, ఫోటోలు దిగి విమానం ఎక్కాను.

యాసంగి కోతలప్పుడు రోడ్డు మీద వడ్లు ఆరబోశారు. రాత్రి కుప్ప చేసి, పైన నల్ల టార్పాలిన్ కప్పి, చుట్టూ బండరాళ్ళు పెట్టారు. మా దిక్కు ఇది ప్రతి సీజన్లో ఉన్నదే. పెళ్ళి దావత్ నుంచి వస్తున్న తమ్ముడికి ఎదురుగా వచ్చిన లారీ వెలుతురులో ఆ కుప్ప కనబడలేదు. తొడ ఎముక విరిగింది, తలకు దెబ్బ తగిలింది. పదకొండు రోజులు ఐసీయూలో ఉన్నాడు. ప్రాణం దక్కింది. కాలులో రాడ్డు ఉంది. ఒక చెవి సరిగా వినబడదు.

బిల్లు మూడు లక్షల ఎనభై వేలయింది. ఇన్సూరెన్సు ఉంది కదా అని కాగితాలు పట్టుకుని మా బాబాయి తిరిగాడు. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు అంటే మన బండి వల్ల ఎదుటివాడికి నష్టం జరిగితే ఇచ్చేది, మనకు ఇచ్చేది కాదని అప్పుడు తెలిసింది. ఓనరుకు ఉండే యాక్సిడెంట్ కవరు ఓనరే బండి నడుపుతూ, లైసెన్సు కూడా ఉండి, చనిపోతేనో శాశ్వతంగా అంగవైకల్యం వస్తేనో ఇచ్చేది. ఓనరును నేను, నడిపింది వాడు, లైసెన్సు లేదు. ఏ దారిలో చూసినా పైస రాలేదు. అప్పు తీర్చడానికి రెండేళ్ళు సెలవుకు పోలేదు. చెల్లె పెళ్ళి వెనక్కి జరిగింది. పెళ్ళికొడుకు తరఫువాళ్ళు మంచివాళ్ళు కాబట్టి ఆగారు.

ఇది తమ్ముడి తప్పని నేను అనను. తప్పు నాది.

సైటులో ఒక రూలు, ఊళ్ళో ఇంకో రూలా?

మనం రోజూ తెల్లవారుజామున బస్సు దిగగానే ఏం చేస్తాం? తలకు హెల్మెట్, కాళ్ళకు సేఫ్టీ షూ, ఒంటికి మెరిసే జాకెట్. ఎత్తు మీద పని అయితే బెల్టు. టూల్‌బాక్స్ మీటింగులో రోజూ అవే మాటలు చెప్తే విసుక్కుంటూనే వింటాం. బెల్టు హుక్కు తగిలించకుండా స్కాఫోల్డింగ్ ఎక్కితే సేఫ్టీ ఆఫీసరు ఊరుకోడు. ఊరికి పోయామంటే మాత్రం అదే మనం నెత్తికి తువ్వాల చుట్టుకుని, కాళ్ళకు హవాయి చెప్పులేసుకుని, ముందు కొడుకును, వెనక భార్యనూ కూతురునూ కూర్చోబెట్టుకుని హైవే ఎక్కుతాం. సైటులో తల పగిలితే కంపెనీకి నష్టమని వాళ్ళు రూలు పెట్టారు. రోడ్డు మీద పగిలేది మన తల, నష్టం మన ఇంటికి. మన ఇంటికి సేఫ్టీ ఆఫీసరు మనమే కావాలి.

కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. నూటికి 44 మందికి పైగా టూవీలర్ల మీద వెళ్తున్నవాళ్ళే. హెల్మెట్ లేకుండా చనిపోయినవాళ్ళు 50,029 మంది. అందులో 14,337 మంది వెనక కూర్చున్నవాళ్ళు. అంటే హెల్మెట్ నడిపేవాడికి ఒకటి ఉంటే చాలదు. ఇంట్లో రెండుండాలి.

పద్దెనిమిది నిండకపోతే తాళం ఇవ్వొద్దు

16 ఏళ్ళకు ఇచ్చే లైసెన్సు గేర్లు లేని 50 సీసీ లోపు బండికే పనికొస్తుంది. స్ప్లెండరుకైనా యాక్టివాకైనా 18 నిండాలి. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఎ అనే సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం జరిగితే తల్లిదండ్రిదో బండి ఓనరుదో బాధ్యత. మూడేళ్ళ దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషను ఏడాది రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్ళు వచ్చేదాకా లైసెన్సు ఇవ్వరు. నాకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకోవాల్సింది కూడా మనమే. మన తమ్ముడు ఎదుటివాణ్ణి గుద్ది ఉంటే? కేసులో నా పేరు. ఇక్కడ డ్యూటీ, అక్కడ కోర్టు తేదీ. ఎటు పోవాలి?

లైసెన్సు లేనివాడు గుద్దితే ఎదుటివాళ్ళకు ఇన్సూరెన్సు కంపెనీ ముందు డబ్బు కట్టి, తర్వాత బండి ఓనరు దగ్గర వసూలు చేసుకోమని కోర్టులు తీర్పులిస్తున్నాయి. ఆ సొమ్ము మన జీతంతో తీరేది కాదు.

ఊరి కంటికి కాదు, నడిపేవాడి కాళ్ళకు సరిపోవాలి

బండి కొనేటప్పుడు మనం చూసేది ఏమిటి? సౌండు, ట్యాంకు మీద స్టిక్కరు, నలుగురూ తిరిగి చూడడం. కొత్తగా నేర్చేవాడికి ఇవేవీ పనికిరావు. 100 సీసీ స్ప్లెండరు ఇంజను బలం 8 హార్స్ పవరు దగ్గర ఉంటుంది. డ్యూక్ 200 ది 25 దగ్గర. మూడింతల బలం! ఎక్సలేటరు కొంచెం ఎక్కువ తిప్పితే చాలు, నేర్చుకునేవాడి చెయ్యి దాటిపోతుంది. కాలేజీకి, మార్కెట్టుకు, పొలానికి పోవడానికి 100 నుంచి 125 సీసీ చాలు. స్ప్లెండరు, షైను, ప్లాటినా లాంటివి తక్కువ బరువుంటాయి, మైలేజి ఇస్తాయి, మండలంలో ఏ మెకానిక్కైనా బాగుచేస్తాడు. ఇంట్లో ఆడవాళ్ళు కూడా నడిపేటట్టయితే గేర్లు లేని స్కూటరు మేలు.

కొనే ముందు నడిపేవాణ్ణే షోరూముకు తీసుకుపోవాలి. సీటు మీద కూర్చుంటే రెండు పాదాలూ నేలకు ఆనాలి. ఇంజను ఆపి, బండిని వెనక్కి ముందుకు తోయమనాలి. సెంటర్ స్టాండు వేయమనాలి. ఆ పని చేయలేనివాడు బురదలో, గుంతలో బండిని నిలుపుకోలేడు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లకు ఏబీఎస్, అంతకు తక్కువ వాటికి రెండు బ్రేకులు కలిసి పనిచేసే సీబీఎస్ తప్పనిసరి చేశారు. పాత బండి కొంటే ఇవి లేకపోవచ్చు, అడిగి తెలుసుకోండి.

పాత బండి విషయంలో ఇంకో మాట. చాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో సరిచూడండి. ఫైనాన్సు తీరిందో లేదో, చలాన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. మీ పాత బండిని ఇంట్లోవాళ్ళు అమ్మితే పేరు మార్పించారా అని తప్పక అడగండి. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం వాణ్ణే ఓనరు అంటుంది. మనం ఇక్కడ చెమటోడుస్తుంటే అక్కడ ఎవడో గుద్ది మన మెడకు చుట్టే ప్రమాదం ఉంది.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఖతార్‌లో కనీస మూల వేతనం 1000 రియాళ్ళు. లక్ష రూపాయల బండి అంటే దాదాపు నాలుగు నెలల మూల వేతనం. ఐఎస్ఐ మార్కు ఉన్న మంచి హెల్మెట్లు రెండింటికి వారం జీతం సరిపోతుంది. నాలుగు నెలల చెమట పోసి కొన్న బండికి ఆ వారం చెమట కూడా కలపలేమా? రోడ్డు పక్క రెండు మూడు వందలకు అమ్మే టోపీ పోలీసుకు చూపించడానికే, తలను కాపాడదు. మంచి హెల్మెట్టయినా గడ్డం కింద పట్టీ బిగించకపోతే పడేటప్పుడు ముందే ఎగిరిపోతుంది.

మొదటి నెల జాగ్రత్తలు

కొత్తగా నేర్చేవాళ్ళకు నాలుగు షరతులు పెట్టండి. మొదటి నెల హైవే ఎక్కవద్దు. రాత్రి నడపవద్దు. వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఫోను జేబులోనే ఉండాలి, ఫోను చేసింది నాన్నయినా సరే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి ఒక్క సెకనుకు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా బర్రె కనబడి, మనసుకు తట్టి, చెయ్యి బ్రేకు మీదికి పోయేలోపే ఒక సెకను గడుస్తుంది. స్పీడు రెట్టింపయితే బ్రేకు పట్టాక ఆగే దూరం నాలుగింతలు. వెనక బ్రేకు ఒక్కటే తొక్కితే బండి జారుతుంది. బండిని నిటారుగా ఉంచి రెండు బ్రేకులూ మెల్లగా కలిపి పట్టాలి. ఇసుక మీద, వడ్ల మీద, తడి రోడ్డు మీద ఇంకా మెల్లగా. రాత్రి పూట మన లైటు పడినంత దూరంలో ఆగగలిగిన స్పీడే మన స్పీడు. వడ్ల కుప్పకూ, వెనక లైటు లేని ట్రాక్టరుకూ, రంగు వేయని స్పీడు బ్రేకరుకూ ఇదొక్కటే మందు. వెనక కూర్చునే ఆడవాళ్ళు చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా నడుముకు చెక్కుకోవాలి. చీర గార్డు విప్పించవద్దు.

సెలవు మీద పోయే మనకు

పిల్లలకే కాదు, ఈ జాగ్రత్త మనకూ కావాలి. ఇక్కడ బండ్లు కుడి పక్కన నడుస్తాయి, అక్కడ ఎడమ పక్కన. రెండు మూడేళ్ళు ఇక్కడ రోడ్డు దాటి దాటి ముందు ఎడమకు చూడడం అలవాటైంది. ఇండియాలో బండ్లు ముందు కుడి వైపు నుంచి వస్తాయి. మలుపు తిరిగేటప్పుడు మనకు తెలియకుండానే కుడి పక్కకు పోతాం. మొదటి రెండు మూడు రోజులు ఊళ్ళోనే మెల్లగా నడిపి అలవాటు చేసుకోండి. రాత్రంతా విమానంలో మేలుకుని, శంషాబాద్ నుంచి జీపులో ఊరు చేరి, అదే సాయంత్రం దోస్తుల దావత్‌కు బండి మీద పోవద్దు. అక్కడ తాగి నడపడం అసలే వద్దు. చాలా రోజుల తర్వాత తాగినవాడికి ఎంత ఎక్కిందో వాడికే తెలియదు.

మీ లైసెన్సు తేదీ కూడా చూసుకోండి. గడువు దాటి ఏడాది కాలేదంటే పరీక్ష లేకుండా రెన్యువల్ అవుతుంది. ఏడాది దాటితే మళ్ళీ బండి నడిపి చూపించాలి. రెండు నెలల సెలవుంటే మొదటి వారంలోనే 18 నిండిన కొడుకుకు ఎల్ఎల్ఆర్ తీయించండి. 30 రోజులకు పరీక్షకు పోవచ్చు. మీరు ఊళ్ళో ఉండగానే లైసెన్సు వస్తుంది. ఆ నెల రోజులు వెనక కూర్చుని నేర్పించండి. కొడుకు పక్కన ఉండే అవకాశం మనకు ఎన్ని సార్లు దొరుకుతుంది?

బండి కొనవద్దని నేను చెప్పడం లేదు. బస్సు రాని ఊళ్ళు ఎన్నో ఉన్నాయి. అర్ధరాత్రి అమ్మకు ఛాతీ నొప్పి వస్తే బండి కావాలి. కొనండి. కానీ వరుస మార్చండి. ముందు వయసు, తర్వాత లైసెన్సు, తర్వాత హెల్మెట్, ఆ తర్వాత బండి. నేను ఈ వరుసను తలకిందులు చేశాను.

ఇప్పుడు మా తమ్ముడు కరీంనగర్‌లో ఒక దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. కుంటుతూనే స్కూటరు నడుపుతాడు. ప్రతి శుక్రవారం ఫోనులో వాడు "అన్నా, తిన్నవా?" అంటాడు. నేను "హెల్మెట్ పెట్టుకున్నవా?" అంటాను. వాడు నవ్వుతాడు. వినబడే చెవికి ఫోను పెట్టుకుని నవ్వుతాడు.

ఈ శుక్రవారం మీరు ఫోను చేసినప్పుడు ఆ ఒక్క మాట అడగండి.