రాతిలోంచి ఆటను లేపిన నటరాజ రామకృష్ణ – మరి మన ఆటల సంగతేమిటి?



కొరియోగ్రాఫర్ అనగానే మనకు టీవీలో కనిపించే డాన్స్ మాస్టరే గుర్తొస్తడు. సినిమా పాటకు స్టెప్పులు నేర్పేటాయన అనుకుంటం. తెలుగులో ఆయన్ని నృత్య దర్శకుడు అంటారు. ఆడేవాడికి తన కాళ్లూ చేతులూ తెలిస్తే సరిపోతుంది. ఆటను కూర్చేవాడికి పదిమంది అడుగులు, డోలు దెబ్బ, ఆట వెనకున్న కథ అన్నీ తెలియాలి. పడమటి దేశాల బాలే నృత్యంలో కూడా కొన్నేళ్లు తాము ఆడి, తర్వాత ఇతరుల కోసం ఆటలు కూర్చినవాళ్లు ఎందరో ఉన్నారు. మన ఓరుగల్లు గడ్డ మీద అటువంటి పని చేసినాయన డాక్టర్ నటరాజ రామకృష్ణ గారు. ఆయన జీవితం మన హాస్టల్ పిల్లలకు ఎందుకు పనికొస్తుందో చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

రామకృష్ణ గారు 1923లో ఇండోనేషియాలోని బాలి దీవిలో పుట్టారు. చిన్ననాటి నుంచి నాట్యం మీదనే ధ్యాస. ఒక్క గురువుతో ఆగిపోలేదు, ఎవరి దగ్గర విద్య ఉంటే వారి దగ్గరికి వెళ్లారు. ఆ రోజుల్లో గుళ్లలో ఆడే కళావంతుల స్త్రీలను సమాజం చిన్నచూపు చూసేది. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం వచ్చింది. చట్టం మంచిదే. కానీ ఆచారంతో పాటు వాళ్ల ఆట కూడా మరుగున పడసాగింది. రామకృష్ణ గారు ఆ ముసలి తల్లులను గురువులుగా భావించి, వాళ్ల విద్యను నేర్చుకొని, దానికి ఆంధ్రనాట్యం అని పేరు పెట్టి మళ్లీ రంగం మీదికి తెచ్చారు.

ఆయన చేసిన మరో పెద్ద పని పేరిణి శివతాండవం. కాకతీయుల కాలంలో మగవాళ్లు, వీరులు శివుని ముందు ఆడిన ఆట ఇది అంటారు. 1323లో కాకతీయ రాజ్యం పడిపోయింది. ఆ తర్వాత ఆట కూడా కనుమరుగైంది. నేర్పే గురువు ఒక్కరూ మిగల్లేదు. మిగిలినవి రెండే. ఒకటి రామప్ప గుడి. పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఆ గుడి స్తంభాల మీద నాట్యం చేసే బొమ్మలు, మద్దెల వాయించే బొమ్మలు ఉన్నాయి. రెండోది గణపతిదేవ చక్రవర్తి సేనాని జాయప 1253–54 ప్రాంతంలో సంస్కృతంలో రాసిన ‘నృత్తరత్నావళి’. పేరిణి గురించి అందులో ఉంది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆలోచించండి. రాతిబొమ్మ ఒక్క భంగిమనే చూపిస్తుంది. కాలు పైకి లేచి ఉంటుంది. ఆ కాలు ఎట్ల లేచింది, తర్వాత ఎక్కడ పడింది, ఏ దెబ్బకు పడింది అన్నది రాయి చెప్పదు. పుస్తకం మాటల్లో చెబుతుంది గానీ ఆడి చూపించదు. ఈ భంగిమకూ ఆ భంగిమకూ మధ్యనున్న ఖాళీని మనిషే పూరించాలి. రామకృష్ణ గారు ఏండ్ల తరబడి చేసింది ఆ పనే. యువకులకు నేర్పి, 1985 మహాశివరాత్రి నాడు రామప్ప గుడి దగ్గరే పేరిణి ఆడించారు. 1992లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2011లో కన్నుమూశారు. రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఆయన లేరు.

“ఇప్పుడు ఆడే పేరిణి అచ్చంగా కాకతీయుల నాటిదేనా?” అని కొందరు అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. ఆరువందల ఏండ్లకు పైగా తెగిపోయిన దారం అది. ఎంత పండితుడైనా కొంత ఊహించక తప్పదు. దానివల్ల ఆయన శ్రమ తక్కువైపోదని నా అభిప్రాయం. కాకపోతే ఇందులో మనకో పాఠం ఉంది. ఒక్కసారి పోయిన ఆటను తిరిగి తేవాలంటే ఒక మనిషి జీవితంలో ఎన్నో ఏండ్లు ఖర్చవుతాయి. అప్పుడు కూడా సందేహం మిగిలే ఉంటుంది.

మరి మన సంగతి? మన ఆటలు ఇంకా రాయి కాలేదు. కోయగూడెంలో డోలు కొట్టే తాత ఉన్నాడు. తండాలో తీజ్ పండుగకు తొమ్మిది రోజులు ఆడించే యాడి ఉన్నది. నాయకపోడు గూడెంలో లక్ష్మీదేవరను ఆడించే పెద్దమనిషి ఉన్నాడు. అయినా వార్షికోత్సవం వచ్చిందంటే మనం సినిమా పాట కోసమే వెతుకుతం. ఎవరైనా పెద్దసార్లు వస్తే ‘గిరిజన నృత్యం’ అని ఒక ఐటం పెడతం. కోయ పిల్ల, నాయకపోడు పిల్ల అని చూడకుండా అందరికీ అద్దాల లంగాలు కట్టించి మూడు నిమిషాలు తిప్పుతం. అది ఏ పండుగ ఆటో, ఎవరు నేర్పారో మైకులో ఎవరూ చెప్పరు.

మన ఆటను స్టేజీ ఎక్కించవద్దని నేను అనడం లేదు. ఆదిలాబాద్ వైపు మార్లవాయికి చెందిన కనకరాజు గారు దండారి పండుగలో ఆడే గుస్సాడీని ఢిల్లీ దాకా తీసుకపోయారు. ఎందరో యువకులకు నేర్పారు. ఆయనకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో మరణించారు. స్టేజీ కోసం ఆటను కుదించవలసి వస్తే ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఆ ఆట తెలిసినవాళ్లే తేల్చాలి. ఆ పని ఆయన వంటి వాళ్ల చేతిలో ఉంటేనే ఆట ఆటగా నిలుస్తుంది.

“డాన్సులు కూడు పెడతాయా? చదువు పాడైతది” అని కొందరు పెద్దలంటారు. రామకృష్ణ గారిని చూడండి. సంస్కృత గ్రంథం, శిల్పం, చరిత్ర, తాళం లెక్క ఇవేవీ తెలియకుండా ఆయన పేరిణిని కూర్చగలిగేవారా? తాను నేర్చినదాన్ని పుస్తకాలుగా కూడా రాశారు. ఇది చదువు కాకపోతే ఇంకేది చదువు? జాయప సేనాని సంగతీ అంతే. ఏనుగుల సేనను నడిపినాయన, మార్గ నృత్యంతో పాటు దేశి నృత్యాలనూ, కర్రలతో ఆడే కోలాటం వంటి ఆటనూ తన గ్రంథంలోకి ఎక్కించాడు. జనం ఆట రాయడానికి ఆయన నామోషీ పడలేదు.

అందుకే మూడు మాటలు. ఒకటి, ఈసారి సెలవులకు ఇంటికి పోయినప్పుడు ప్రతి ఒక్కరం ఒక్క ఆట గురించి నోట్‌బుక్కులో రాసుకొద్దాం. ఏ పండుగకు ఆడతారు, ఎవరు మొదలుపెడతారు, ఏ కాలు ముందు పడుతుంది, డోలు ఎన్ని దెబ్బలు, ఎవరు చెప్పారు అన్నీ రాయాలి. రెండు, వార్షికోత్సవంలో కనీసం ఒక ఆటను, అది తెలిసిన పిల్లలే కూర్చాలి. నేర్పిన అవ్వ పేరో తాత పేరో మైకులో చెప్పాలి. మూడు, వార్డెన్ సార్లకు, మేడమ్‌లకు మనవి. ఆదివారం సాయంత్రం ఒక అరగంట దీనికి ఇప్పించండి. స్టడీ అవర్ జోలికి రాము.

రామకృష్ణ గారికి అడుగుదామంటే గురువు దొరకలేదు. మనకు అవ్వలు, తాతలు ఉన్నారు. వాళ్లు ఉండగానే అడుగుదాం.

– పదో తరగతి విద్యార్థి