సరిహద్దు ఢిల్లీ చేతిలో, సంజాయిషీ పాలమూరు కూలీ మీద

2020 నవంబరులో హైదరాబాద్ మహానగరపాలక సంస్థ ఎన్నికలు జరుగుతున్నప్పుడు, మేయర్ పీఠం దక్కితే పాతబస్తీపై సర్జికల్ స్ట్రయిక్ జరిపి రోహింగ్యాలను, పాకిస్తానీయులను తరిమివేస్తామని అప్పటి భాజపా రాష్ట్ర అధ్యక్షులు బండి సంజయ్ ప్రకటించారు. మేయరుకు మోరీల మీద, వీధిదీపాల మీద, దోమల మందు మీద అధికారం ఉంటుంది. దేశ సరిహద్దు మీద ఉండదు. ఆ అధికారం ఉన్న కేంద్ర హోంశాఖలో అమిత్ షా మంత్రిగా, సికింద్రాబాద్ ఎంపీ కిషన్ రెడ్డి సహాయ మంత్రిగా ఆనాడు కొలువుతీరి ఉన్నారు. ఓటర్ల జాబితాలో వేలాదిమంది రోహింగ్యాలు ఉంటే హోంమంత్రి ఏం చేస్తున్నారని అసదుద్దీన్ ఒవైసీ అడిగారు. రోహింగ్యాలను, బంగ్లాదేశీయులను పంపివేయాలని ఒవైసీయే రాసివ్వాలి, అప్పుడు చర్య తీసుకుంటామని హోంమంత్రి హైదరాబాదులోనే బదులిచ్చారు. దేశభద్రతను చూడవలసిన మంత్రి తన విధి నిర్వహణకు ప్రతిపక్ష ఎంపీ చీటీ కోసం ఎదురుచూడటం మేము మరెక్కడా వినలేదు.

సరిహద్దుల కాపలా అవసరం లేదని మేము అనడం లేదు. అక్రమ చొరబాటును అరికట్టవలసిందే. అయితే ఆ పని ఎవరిదో రాజ్యాంగంలో స్పష్టంగా రాసి ఉంది. ఏడవ షెడ్యూలులోని కేంద్ర జాబితాలో పౌరసత్వం, విదేశీయుల వ్యవహారం 17వ అంశం. దేశంలోకి ప్రవేశం, బహిష్కరణ, పాస్‌పోర్టులు, వీసాలు 19వ అంశం. బంగ్లాదేశ్‌తో ఉన్న 4,096 కిలోమీటర్ల సరిహద్దును కాసే బీఎస్ఎఫ్ కేంద్ర హోంశాఖ కిందనే పనిచేస్తుంది. 2021 అక్టోబరులో బెంగాల్, అస్సాం, పంజాబ్ రాష్ట్రాలలో దాని పరిధిని 15 కిలోమీటర్ల నుండి 50కి పెంచారు. 2025 సెప్టెంబరు 1 నుండి విదేశీయుల వ్యవహారాలకు కొత్త చట్టమే అమలులోకి వచ్చింది. అధికారం ఇంతగా పెరిగినా జవాబుదారీతనం మాత్రం పెరగలేదు. నిజంగా వేలమంది చొరబడి ఉంటే ఏ కంచె దగ్గర, ఏ అధికారి కాపలాలో, ఏ మంత్రి హయాంలో చొరబడ్డారని ముందు అడగాలి. ఆ ప్రశ్నను వదిలేసి బస్తీలో ఉన్న ముస్లింను నువ్వెవరని అడుగుతున్నారు. అత్త మీద కోపం దుత్త మీద తీయడమంటే ఇదే.

ఈ ప్రశ్న హైదరాబాదు పొలిమేర దాటితే ఏమవుతుందో నల్లగొండ, పాలమూరు ప్రజలు ఆలోచించాలి. తాను విదేశీయుడిని కానని నిరూపించుకునే భారాన్ని 1946 నాటి చట్టం ఆ వ్యక్తిమీదే మోపింది. కొత్త చట్టమూ దానిని అలాగే ఉంచింది. మరి మనవాళ్ళ చేతిలో ఉన్న కాగితాలేమిటి? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం. జనన మరణాల నమోదు చట్టం వచ్చిందే 1969లో. ఇంట్లో, మంత్రసాని చేతుల మీద పుట్టినవారికి సర్టిఫికెట్ ఎక్కడిది? పట్టా ఉన్న రైతు ఖాస్రా పహాణీ నకలు తెచ్చుకోగలడు. గుంట భూమి లేక, తరతరాలుగా గుంపు మేస్త్రీ వెంట డ్యాముల పనులకు వెళ్ళిన కూలీ ఏ నకలు తేగలడు? శ్రీశైలం జలాశయంలో మునిగిన కొల్లాపూర్, ఆలంపూర్ ప్రాంతాల పల్లెలవారు పుట్టిన ఊరిని చూపమంటే నీళ్ళను చూపవలసిందే. ఇక పేర్ల సంగతి. ఒకే మనిషి రేషన్ కార్డులో మహబూబ్, ఓటరు కార్డులో మైబు, ఆధార్‌లో షేక్ మెహబూబ్ అవుతాడు. తప్పు రాసింది గుమాస్తా, సంజాయిషీ చెప్పవలసింది మాత్రం మైబు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకొని బిడ్డలకు సైదులు, సైదమ్మ, సైదిరెడ్డి అని పేర్లు పెట్టుకున్న హిందూ కుటుంబాలు నల్లగొండ ప్రాంతమంతటా ఉన్నాయి. పేరు చూసి పరాయివాడిని పోల్చే అధికారి ఈ నేలమీద ఎవరిని పట్టుకుంటాడు?

ఇది ఊహాజనిత భయం కాదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న వెలువడిన తుది ఎన్నార్సీలో 19 లక్షల 6 వేలమందికి పైగా చోటు దక్కలేదు. వారిలో హిందువులూ పెద్దసంఖ్యలో ఉన్నారు. 2025లో ఇతర రాష్ట్రాలలో పనిచేసుకుంటున్న బెంగాలీ ముస్లిం కూలీలను పట్టుకొని బంగ్లాదేశ్‌లోకి నెట్టివేశారు. వారిలో కొందరు భారత పౌరులేనని తేలి, తిరిగి తీసుకురావలసి వచ్చింది. బెంగాల్ కూలీకి ముంబయిలో జరిగినది, అదే ముంబయికి వలస వెళ్ళే పాలమూరు కూలీకి జరగదన్న హామీ ఎవరిస్తారు?

2020 మార్చి 16న తెలంగాణ శాసనసభ సీఏఏ, ఎన్పీఆర్, ఎన్నార్సీలకు వ్యతిరేకంగా తీర్మానం చేసింది. ఇంట్లో పుట్టిన తనకే జనన ధ్రువపత్రం లేదని నాటి ముఖ్యమంత్రి కేసీఆర్ సభలో చెప్పారు. తీర్మానం మంచిదే, కానీ తీర్మానం కాగితం కూలీ జేబులోకి రాదు. ఆలస్య జనన నమోదుకు, పేర్ల సవరణకు మండల కార్యాలయాలలో ఖర్చు లేకుండా, తిప్పించుకోకుండా పని జరిగే ఏర్పాటును రాష్ట్ర ప్రభుత్వం చేయాలి. వలస వెళ్ళినవారు ఊళ్ళకు వచ్చే పండుగ రోజులలో ఈ శిబిరాలు పెడితేనే ప్రయోజనం. మస్జిద్ కమిటీలు కూడా దరఖాస్తులు రాసిపెట్టే చదువుకున్న యువకులను ఇప్పటినుండే సిద్ధం చేసుకోవాలి.

నాడు మేయర్ పీఠంతో విదేశీయులను తరుముతామన్న బండి సంజయ్ 2024 జూన్ నుండి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రిగా ఉన్నారు. కాబట్టి అడగవలసిన చోటు మారలేదు, అడగవలసినవారు మారారు. నల్లగొండ ఎంపీ రఘువీర్ రెడ్డిని, మహబూబ్‌నగర్ ఎంపీ డీకే అరుణను మేము కోరేది ఒక్కటే. ఈ రెండు జిల్లాలలో ఇప్పటివరకు ఎంతమంది విదేశీయులను గుర్తించారు, వారు ఏ సరిహద్దు దాటి వచ్చారు, ఆ కాపలాకు బాధ్యులైన ఎందరిపై చర్య తీసుకున్నారు అని లోక్‌సభలో రాతపూర్వకంగా ప్రశ్నించండి. వచ్చిన జవాబును అంకెలతో సహా ఈ పత్రికలో అచ్చువేస్తాము.