పోటీకి పంపిన కథ

“పోటీలకు రాయడం మానెయ్యమ్మా, అప్పుడు నువ్వు రచయిత్రివి అవుతావు.”

పదిహేనేళ్ల కిందట ఒక పుస్తకావిష్కరణ సభ ముగిశాక, బయట టీ తాగుతూ నిలబడ్డప్పుడు ఒక పెద్దాయన నాతో అన్న మాట ఇది. ఆయన మంచి కథకుడు. నేనంటే అభిమానం ఉన్నవాడు. కూతురికి బుద్ధి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు. కోపంగా అని ఉంటే ఆ సాయంత్రమే మరచిపోయేదాన్ని. ప్రేమగా అన్నాడు గనక మూడేళ్లపాటు ఆ మాట పట్టుకుని ఏ పోటీకీ ఏమీ పంపలేదు. ఆ మూడేళ్లలో నేను పూర్తి చేసిన కథలు రెండు.

తర్వాత అదే మాట ఎన్ని చోట్ల విన్నానో లెక్కలేదు. “అది పోటీ కథ.” “ఆడవాళ్ల పత్రిక కథలెండి.” ఒక కథను చదవకుండానే పక్కన పెట్టడానికి ఈ ముక్క చాలు. నిజమైన రచయిత గడువు చూసుకుని రాయడనీ, పేజీలు లెక్కపెట్టుకుని రాయడనీ, బహుమతి మీద ఆశ పెట్టుకోడనీ మన సాహిత్య సభల్లో ఒక నమ్మకం స్థిరపడిపోయింది. ఈ నమ్మకం తప్పు. దీనివల్ల నష్టపోతున్నది ఎవరో చూసినకొద్దీ ఇది అన్యాయం అని కూడా నాకు అనిపిస్తోంది.

అసలు మన కథ ఎక్కడ కళ్లు తెరిచిందో చూడండి. 1910లో ఆంధ్రభారతిలో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథ అని మా తరం చదువుకుంది. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ అచ్చయింది. ఏ పత్రికలో? ‘హిందూసుందరి’లో. ఆడవాళ్ల కోసం నడిచిన పత్రికలో. అచ్చమాంబ బడికి వెళ్లి చదువుకోలేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే ఆయన దగ్గర నేర్చుకుంది. 1905లో, ముప్పై ఏళ్ల వయసులోనే చనిపోయింది. ఏది మొదటి కథ అన్న తగువులోకి నేను పోను. ఆమె కథలు అన్ని దశాబ్దాలు లెక్కలోకి రాకపోవడానికి అవి అచ్చయిన చోటు కూడా ఒక కారణమని మాత్రం గట్టిగా నమ్ముతాను. ఆడవాళ్ల పత్రిక పాత సంచికల్ని ఏ పండితుడు బైండు చేయించి బీరువాలో పెట్టుకున్నాడు? శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో కథానిలయం తెరిచి, కథ ఉన్న పత్రికల్ని పోగు చేయడం మొదలుపెట్టారంటే, అప్పటికి మనం పోగొట్టుకున్నది ఎంతో ఆయనకు తెలుసు.

మద్రాసులో డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పెట్టారు. పేరు వింటే ఈనాటి మనకు వంటలూ ముగ్గులూ గుర్తొస్తాయి. ఆ పత్రికలోనే కనుపర్తి వరలక్ష్మమ్మ ‘శారద లేఖలు’ రాసింది. ఒక స్నేహితురాలికి ఉత్తరం రాసినట్టే మొదలుపెట్టి, ఆడవాళ్ల చదువు గురించీ హక్కుల గురించీ మాట్లాడింది. ఇల్లు దాటని పాఠకురాలి దగ్గరికి ఆ మాటలు వెళ్లాలంటే ఆమె ఇంట్లోకి అడుగు పెట్టగలిగిన పత్రికే కావాలి. 1934లో గృహలక్ష్మి స్వర్ణకంకణం తొలిసారి అందుకున్నది కూడా వరలక్ష్మమ్మే. ఒక స్త్రీ రాసినందుకు పదిమందిలో పిలిచి చేతికి బంగారు కంకణం తొడిగారు. ఆ రోజుల్లో ఆ దృశ్యం ఎంతమంది ఆడపిల్లల చేత కలం పట్టించి ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఇక బహుమతి సంగతి. పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కు 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ అంతర్జాతీయ కథల పోటీలో రెండో బహుమతి వచ్చింది. తెలుగు కథ గురించి ఉపన్యసించే ప్రతివారూ గర్వంగా చెప్పే విషయమిది. చెప్పాలి కూడా. ‘గాలివాన’ను ఒక్కరైనా పోటీ కథ అన్నారా? సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’ ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) నవలల పోటీలో బహుమతి పొందింది, సినిమా కూడా అయింది. దాన్ని పోటీ నవల అని ఎవరూ చిన్నచూపు చూడలేదు. మరి ఆంధ్రప్రభ వారపత్రిక పోటీలో బహుమతి అందుకున్న కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ మాట వచ్చేసరికి మన గొంతు ఎందుకు మారుతుంది? దాన్ని ‘డాక్టర్ చక్రవర్తి’గా తెరమీద చూసి మెచ్చుకున్న వాళ్లే, ఆ తరం రచయిత్రులందరినీ ఒక్క గంపలో వేసి వంటింటి సాహిత్యం అనేశారు. ఆ నవలలన్నీ గొప్పవని నేను అనను. ఎన్నో పేలవమైనవి ఉన్నాయి. అయితే పేలవమైన రచనలు మగవాళ్లూ రాశారు, వాటికి వాళ్ల ఇంట్లోని గది పేరు ఎవరూ పెట్టలేదు.

పోటీకి రాస్తే లోతు రాదంటారా? చంద్రలత ‘రేగడి విత్తులు’ తానా బహుమతి నవల. కె.ఎన్. మల్లీశ్వరి ‘నీల’ కూడా అంతే. ఈ రెండూ చదివినవాళ్లు నాతో ఆ మాట అనగలరని నేను అనుకోను.

ఇప్పుడు నేను దగ్గర నుంచి చూసింది చెబుతాను. కొన్నేళ్ల కిందట ఒక పత్రిక వాళ్లు కథల పోటీకి తొలి వడపోత చేసిపెట్టమని నన్ను అడిగారు. మూడు అట్టపెట్టెలు ఇంటికి వచ్చాయి. ప్రకటనలో ఎప్పుడూ ఉండే నిబంధనలే: కథ ఎక్కడా ప్రచురితమై ఉండకూడదు, అనువాదం, అనుకరణ కాదని హామీపత్రం జతచేయాలి, కాగితానికి ఒకవైపే రాయాలి, ప్రవేశ రుసుము లేదు. వీటన్నిటికన్నా విలువైన నిబంధన ఇంకొకటి ఉంది. కథ మీద రచయిత పేరు ఎక్కడా కనిపించకూడదు. పేరూ చిరునామా హామీపత్రం మీదే ఉండాలి. ఆఫీసులో ఆ పత్రం విడదీసి, కథ తలమీద ఒక అంకె వేసి నాకు పంపారు.

దాంతో నెల రోజులు నాకు అంకెలే రచయితలు. 47, 112, 163. ఎవరు ప్రొఫెసరో, ఎవరు అంగన్‌వాడీ టీచరో, ఎవరిది ఏ కులమో, ఎవరు ఏ సంఘంలో సభ్యులో నాకు తెలియదు. మన సాహిత్య లోకంలో ఇంకెక్కడైనా ఇది సాధ్యమా? పుస్తకానికి ముందుమాట కావాలంటే మనుషులు తెలిసి ఉండాలి. సభలో మాట్లాడాలంటే పిలిచేవాళ్లుండాలి. సాయంత్రం ఆరింటికి మొదలై తొమ్మిదిన్నరకు ముగిసే సభకు వెళ్లి రావాలంటే ఇంట్లో వంట ఎవరు చేయాలి, చివరి బస్సు ఎన్నింటికి? పోటీకి ఇవేమీ అక్కర్లేదు. ఒక కవరు, స్టాంపులు, ఈమధ్యనైతే ఫోన్లో ఒక మెయిలు. ఏ సిఫారసూ లేకుండా తెలుగు సాహిత్యంలోకి తెరుచుకునే తలుపు ఇదొక్కటే. ఈ తలుపును హీనంగా చూడటమంటే, లోపలికి రావడానికి వేరే దారి లేనివాళ్లను హీనంగా చూడటమే.

పెట్టెల్లో చెత్త లేదా? ఉంది. అమెరికా కొడుకు, వృద్ధాశ్రమం తల్లి, చివర ఒక ఉత్తరం. ఈ కథ ఒక్కటే నేను ఇరవైసార్లు చదివి ఉంటాను. ఇంకా చివరి వాక్యంలో కొసమెరుపు కోసం మొత్తం కథను మెలిపెట్టినవీ ఉన్నాయి. మూస ఉందన్న మాట నిజమే. ఆ మూస ఎక్కడి నుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. కిందటేడు దేనికి బహుమతి ఇచ్చారో చూసి ఈ ఏడు అలాంటిదే రాస్తారు జనం. ఆ బహుమతి ఇచ్చింది న్యాయనిర్ణేతలం. అంటే మేమే. పోటీలను ఎగతాళి చేసే పెద్దలే ఏటా న్యాయనిర్ణేతల కుర్చీల్లో కూర్చుంటారు. వాళ్లు వృద్ధాశ్రమం కథను పక్కన పెట్టి 163వ అంకెను పైకి తీస్తే, వచ్చే ఏడు పెట్టెలో ఏముంటుందో చూడండి. మూస అన్నది సాహిత్య సభల్లో మాత్రం లేదా? ఏ వాదం బలంగా ఉంటే ఆ వాదానికి సరిపడా కథలు రావడం మనం చూడలేదా?

పేజీల పరిమితి గురించి కూడా ఒక మాట. నాలుగు అచ్చు పేజీల్లో కథ ముగించాలంటే మొదటి పేజీలో వర్షం వర్ణించడానికి వీల్లేదు. నాకు కోత పెట్టడం నేర్పింది ఆ నిబంధనే. ఒకసారి రెండు వందల పదాలు ఎక్కువయ్యాయని రాత్రంతా కూర్చుని తీసేశాను. పొద్దున చదివితే, పోయినవన్నీ పాత్రలు ఏమనుకుంటున్నాయో నేను పాఠకుడికి విడమర్చి చెప్పిన వాక్యాలే. ఏ విమర్శకుడూ నాకు అంత మేలు చేయలేదు. గడువు కూడా అంతే. పిల్లల పరీక్షలు, అత్తగారి ఆసుపత్రి, ఉద్యోగం నడుమ, ‘ఈ నెల 30లోగా చేరాలి’ అన్న వాక్యం ఇంట్లో వాళ్లకు చూపించడానికి పనికొస్తుంది. “ప్రేరణ వచ్చింది, నన్ను వదిలెయ్యండి” అంటే ఎవరు వదులుతారు? “30వ తేదీ ఆఖరు” అంటే ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు దొరుకుతాయి.

ఈమధ్య ఇంకో వాదం బలపడుతోంది. ప్రవేశ రుసుము పెడితే చెత్త తగ్గుతుంది, నిజంగా రాసేవాళ్లే పంపుతారు అంటున్నారు. రెండు వందలో మూడు వందలో, పెద్ద మొత్తమేం కాదు కదా అంటున్నారు. ఎవరికి పెద్ద మొత్తం కాదు? సొంత సంపాదన లేని ఇల్లాలు ఆ మూడు వందలకు ఇంట్లో ఒకరిని అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతారు. కథ పంపడానికని చెప్పాలి. ఆ సంభాషణ తప్పించుకోవడానికే ఆమె రాయడం మానేస్తుంది. రుసుము ఆపేది ఇలాంటి మనిషిని. చెత్త రాసే డబ్బున్నవాడు హాయిగా కట్టి పంపుతాడు. నేనూ ఒకసారి కట్టాను. ఎంపికైందన్నారు, సంకలనం వేస్తున్నాం, పది ప్రతులు కొనాలన్నారు. కొన్నాను. ఆ పుస్తకంలో నా కథ ఆఖరి పేరా లేదు. అడిగితే జవాబు లేదు. కథ ఇచ్చినవాళ్లకు డబ్బు ఇవ్వాలి, వాళ్ల దగ్గర తీసుకోకూడదు. ఇందులో రెండో మాటకు తావు లేదు.

ఉచిత పోటీలు పెట్టే పత్రికలను నేను వెనకేసుకొస్తున్నాను గనక వాళ్ల తప్పులు దాచను. కథ అందిందో లేదో చెప్పరు. ‘వేరే పత్రిక పరిశీలనలో లేదు’ అని మా చేత రాయించుకుని, ఎనిమిది నెలలు ఏ కబురూ చేయరు. ఫలితాల్లో పేరు లేదంటే తిరస్కరించినట్టా, సాధారణ ప్రచురణకు ఉంచుకున్నట్టా? తెలియక ఆ కథ ఇంకెక్కడికీ పంపలేక ఎండిపోతుంది. మూడు నెలల్లో చెప్పకపోతే కథ మీద రచయితకే పూర్తి హక్కు అని ప్రకటనలోనే ఒక్క వాక్యం వేయండి. దానికి ఖర్చేమీ లేదు.

పత్రికలే మిగలని రోజుల్లో ఈ గొడవ ఎందుకంటారేమో. నిజమే, ఆంధ్రభూమి 2020లో ఆగిపోయింది. చతుర, విపుల 2021లో ఆగిపోయాయి. ఒక్కో పత్రిక మూతపడ్డప్పుడు పేరున్న రచయితకు ఒక చోటు తగ్గుతుంది, అంతే. అతని పుస్తకం వేసేవాళ్లు ఉంటారు. పేరు లేనివాళ్లకు తలుపే పోతుంది. ‘భూమిక’ లాంటి పత్రికలు ఏళ్ల తరబడి పోటీలు పెడుతూ కొత్త గొంతులు వెతుకుతూ వచ్చాయంటే, ఆ పని విలువ ఇప్పుడు మరింత పెరిగింది.

163వ అంకె సంగతి మధ్యలో వదిలేశాను. రూళ్ల కాగితాల మీద నీలం ఇంకుతో రాసిన కథ అది. ప్రతి పేజీ అడుగున పెన్సిల్‌తో పదాల లెక్క వేసి ఉంది, 142, 291, 433 అని. రేషన్ డిపో దగ్గర వేలిముద్ర పడని ఒక ముసలమ్మ గురించి రాసింది. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల గీతలు అరిగిపోయాయి ఆ ముసలమ్మకు. వడపోతలో నేను పైన పెట్టాను. బహుమతి రాలేదు, సాధారణ ప్రచురణకు తీసుకున్నారు. రెండు వాక్యాలు అర్థం కావట్లేదు, మీరే ఫోన్ చేసి అడగండి అని ఆఫీసు వాళ్లు హామీపత్రం నా చేతికిచ్చారు. చిరునామా భర్త పేరు మీద ఉంది. ఫోన్ నంబరు పక్కన బ్రాకెట్లో రాసుకుంది: మధ్యాహ్నం 3 నుంచి 4 లోపు మాత్రమే చేయగలరు.

మూడుంపావుకు చేశాను. రెండు వాక్యాలూ సరిచేసింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి అడిగింది, “కవరు మీద మా ఆయన పేరు రాశానండీ. కథ కింద మాత్రం నా పేరే వేస్తారు కదా?”