భస్మాసురుడికి వరం ఇచ్చిందెవరు?



గత నెల ఐదో తరగతిలో భస్మాసురుడి కథ చెప్పాను. ఎవరి తల మీద చెయ్యి పెడితే వాళ్లు బూడిదైపోవాలని వాడు వరం అడిగాడు. శివుడు ఇచ్చేశాడు. వాడు మొదట శివుడి తల మీదే చెయ్యి పెట్టబోయాడు. చివరికి మోహినిని చూసి నాట్యం చేస్తూ, తన తల మీద తానే చెయ్యి పెట్టుకుని బూడిదయ్యాడు. క్లాసంతా చప్పట్లు. వెనక బెంచీలోని ఒక బాబు మాత్రం, "మోహిని మన బస్సులోకి కూడా వస్తే బాగుండు మేడమ్" అన్నాడు.

పక్కకు పిలిచి అడిగితే విషయం తెలిసింది. మన ఆసిఫాబాద్‌లో తెలుగు, గోండి, మరాఠీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ల పిల్లలు ఒకే బస్సులో వస్తారు. ఈ బాబు యాసను ఒక పెద్ద పిల్లాడు రోజూ వెక్కిరిస్తున్నాడు. సీటు లాక్కుంటున్నాడు. బాబు ఇంట్లో చెప్పలేదు, మాకూ చెప్పలేదు.

ఇలాంటి కథలు పిల్లలకు ఎందుకు నచ్చుతాయో అప్పుడు అర్థమైంది. ఏడిపించేవాడి బలమే వాడి మీదకు తిరగబడుతుంది. బలహీనుడు చెయ్యెత్తాల్సిన పని లేదు. కానీ బస్సులోకి మోహిని రాదు. అందుకే "చెడ్డవాడికి శాస్తి జరిగింది" అని కథ ముగించకుండా, శివుణ్ణి కూడా చూపించాలని నా అభిప్రాయం.

శివుడు ఎందుకని అడగకుండానే వరమిచ్చాడు. ఇళ్లలో మనమూ భోళాశంకరులమే. "ఎవడైనా జోలికొస్తే ఒక్కటి పీకు" అంటాం. పిల్లాడు ఎవరి యాసనో అనుకరిస్తే ముచ్చటపడి నవ్వుతాం. ఇంట్లో మన నవ్వే బస్సులో వాడికి వరమవుతుంది.

అదే శివుడు, ఆపద తన తల మీదకు వచ్చినప్పుడు సిగ్గుపడలేదు. భాగవతం పదో స్కంధంలో ఇదే కథ వృకాసురుడి పేరుతో ఉంది. అక్కడ మోహిని లేదు. శివుడు లోకాలన్నీ దాటి వైకుంఠం దాకా పరుగెత్తితే, విష్ణువు బ్రహ్మచారి వేషంలో వచ్చి మాటలతోనే అసురుణ్ణి బోల్తా కొట్టిస్తాడు. అంతటి దేవుడే సాయం కోసం వెళ్లాడు. వచ్చి చెప్పుకున్న పిల్లవాడు పిరికివాడెలా అవుతాడు?

కాబట్టి సాయంత్రం మార్కుల కంటే ముందు, "బస్సులో ఎవరి పక్కన కూర్చున్నావ్?" అని అడగండి. ఏదైనా చెబితే "నువ్వేం చేశావ్?" అని ఎదురు ప్రశ్న వేయకండి. అవతలి పేరెంట్‌కు ఫోన్ చేసి గొడవ పడకండి. క్లాస్ టీచర్‌కు చెప్పండి. భయపెట్టడం, కొట్టడం దాకా వస్తే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 రాత్రీపగలూ పనిచేస్తుంది.

ఇక ఆ పెద్ద పిల్లాడు. వాడూ మనలో ఒకరి బిడ్డే, బూడిద కావాల్సినవాడు కాదు. వాళ్ల నాన్నగారు వచ్చి అంతా విని, "ఇంట్లో వాడు అలా మాట్లాడితే నవ్వింది మేమే మేడమ్" అన్నారు. ఆ మాట అనడానికి ధైర్యం కావాలి. ఇప్పుడు ఆ ఇద్దరూ స్నేహితులయ్యారని చెప్పను. సీటు మాత్రం ఎవరూ లాక్కోవడం లేదు.

ఈ రాత్రి మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. వరం ఇచ్చేముందు శివుడు ఏం అడిగి ఉండాల్సిందో వాళ్లనే అడగండి. జవాబు మనకోసం కూడా వినండి.

– తెలుగు టీచర్, ఆసిఫాబాద్ బ్రాంచ్